మునగగింజతో స్నానపు నీటిని తేటపరచే విధానం

శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు పెరళ్లలో కొబ్బరి, మునగ రెండూ దొరుకుతాయి గనుక, స్నానాల గది నుంచి, బట్టలుతికే బండ నుంచి వచ్చే నీటిని చెట్లకు పనికివచ్చేలా తేటపరచుకోవడానికి కొనవలసినవి తక్కువే. మరుగుదొడ్డి నీరు, పసిపిల్లల మలం అంటిన బట్టలు ఉతికిన నీరు ఇందులో కలవనే కూడదు. అంట్లు తోమిన నీటిలో జిడ్డు ఎక్కువ కనుక దానినీ విడిగా ఉంచడం మంచిది.

నీరు ముందుగా కొబ్బరి పీచు కుక్కిన చిల్లుల బకెట్టు గుండా గోలెంలోకి దిగాలి. వెంట్రుకలు, నూలుపోగులు అక్కడే ఆగిపోతాయి. పీచును వారానికొకసారి మార్చాలి.

మునగగింజలు చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయలవై ఉండాలి. పచ్చికాయల గింజలు సరిగా పనిచేయవు. రెక్కలు, పెంకు ఒలిచి లోపలి తెల్లని పప్పును మెత్తగా దంచి, 20 లీటర్ల నీటికి సుమారు 2 గ్రాముల చొప్పున, అంటే దాదాపు పది గింజల పొడిని, గ్లాసుడు మంచినీటిలో బాగా కలిపి, గుడ్డలో వడకట్టి గోలెంలో పోయాలి. ఒక నిమిషం వేగంగా, ఆపైన పది నిమిషాలు నెమ్మదిగా కర్రతో తిప్పాలి. పప్పులోని ప్రోటీనుకు ధనావేశం, మురికి రేణువులకు ఋణావేశం ఉండటం వల్ల అవి ఒకదానికొకటి అతుక్కుని, పాలు విరిగినట్లు తునకలై అడుగుకు దిగుతాయి. రెండు గంటలు గోలేన్ని కదపరాదు. బురదనీటిని తేర్చడానికి పెద్దలు కుండ లోపల చిల్లగింజ అరగదీయడం ఈ కోవలోదే. సబ్బు ఎక్కువైన నీటికి మోతాదు మారుతుంది కనుక, ముందుగా మూడు గాజుసీసాలలో మూడు మోతాదులు వేసి చూసుకోవాలి. మా ఇంట్లో ఆ పని చేయకుండా పొడి ఎక్కువ వేసినందువల్ల మరునాటికే నీరు కుళ్లు వాసన పట్టింది.

గింజ మురికిని దించుతుందే గాని, కరిగిన సబ్బును, సూక్ష్మజీవులన్నిటినీ తీసివేయలేదు. అందుకే పైనున్న తేటనీటిని మాత్రమే వంచి, అర మీటరు లోతున తవ్వి టార్పాలిన్ పరచిన మడిలోకి వదలాలి. అడుగున కంకర, దానిపై నలగగొట్టిన కొబ్బరిచిప్పల బొగ్గు, ఆపైన సన్నకంకర వేసి, మెట్టతామర, వట్టివేరు నాటాలి. నీటిమట్టం ఎప్పుడూ సన్నకంకర పైమట్టానికి నాలుగు వేళ్లు దిగువనే ఉంటే దోమలు గుడ్లు పెట్టలేవు.

మడి నుంచి వచ్చిన నీటిని నిలవచేయక ఆనాడే కొబ్బరి, అరటి పాదులలో పోయాలి. ఆకుకూరలకు వాడరాదు, తాగరాదు. బట్టల సోడాలోని సోడియం నేలను బిగిస్తుంది కనుక, మధ్యమధ్య మామూలు నీరు పెట్టాలి. కుంకుడు రసం కలిసిన నీరు చేపలకు విషం. దానిని చెరువు వైపు పోనీయరాదు.