ఆపరేషన్‌కి ముందు ఈ ఎంజైమ్ సంగతి చూసుకోండి

ఆపరేషన్ డేట్ ఇచ్చారా? మత్తులో వాడే కొన్ని మందులను ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమ్ పేరు సూడోకోలినెస్టరేజ్. దీని లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ పెట్టదు కాబట్టి ఉన్నట్టే తెలీదు.

• ఈ లోపం సంగతి మత్తు డాక్టర్‌కే నేరుగా చెప్పండి, సర్జన్‌కి చెప్పాం కదా అని ఊరుకోవద్దు. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు చేయడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది, ఈ లోపం ఉన్నవాళ్లలో మాత్రం గంటల తరబడి ఊపిరి తీసే కండరాలను కూడా కదలనివ్వదు, అంతసేపూ వెంటిలేటరే దిక్కు. బదులు వేరే మందులున్నాయి.

• రక్తంలో ఈ ఎంజైమ్‌ని చూసే సీరమ్ కోలినెస్టరేజ్ పరీక్ష విడిగా అడగండి, మామూలు లివర్ టెస్టుల్లో సాధారణంగా ఉండదు. గర్భిణుల్లోనూ ఈ ఎంజైమ్ తగ్గుతుంది, తక్కువ వస్తే వెంటనే టెన్షన్ వద్దు.

• ఒకరికి లోపం తేలితే తోబుట్టువులకీ చేయించండి. అమ్మానాన్నలు బాగానే ఉన్నా పిల్లలకి రావచ్చు.

• పాత సిజేరియన్ వెన్నులో ఇంజెక్షన్‌తో జరిగిందా? అప్పుడు ఇబ్బంది రాలేదన్నది లెక్కలోకి రాదు, అందులో సక్సినైల్‌కోలిన్ అవసరం పడదు.

• రిపోర్టు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.