ఏబీఎస్ లైటు ఆరడం లేదా? ముందు చక్రాల దగ్గర చూడండి

సడన్ బ్రేక్ కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్. కీ తిప్పగానే దాని పసుపు రంగు లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోయినా, బండి నడుస్తుండగా వెలిగినా ఎక్కడో లోపం ఉన్నట్టే. ఆ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పడతాయి. సడన్ బ్రేక్ కొడితే మాత్రం చక్రాలు బిగుసుకుపోయి బండి జారవచ్చు. కాబట్టి నెమ్మదిగా షెడ్డుకు తీసుకెళ్లండి.

ఎర్ర బ్రేక్ లైటు కూడా తోడైతే బండి ఆపేయండి. హ్యాండ్‌బ్రేక్ దించారా, బ్రేక్ ఆయిల్ మినిమమ్ గీతకు పైన ఉందా చూడండి. రెండూ బాగున్నా లైట్లు ఆరకపోతే టోయింగ్‌కు ఫోన్ చేయడమే మంచిది.

లైటు వెలుగుతోంది, బ్రేకులు బాగానే ఉన్నాయి

ముందు ఫ్యూజు, బ్యాటరీ చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. తర్వాత స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం. చవక బ్లూటూత్ స్కానర్లలో చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి, ఏబీఎస్ కోడ్‌లు చదివేదే కావాలి. కోడ్‌లో ఎడమ, కుడి అని వస్తే అది డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్ల ఎడమ, కుడి. బండికి ఎదురుగా నిలబడి చూసి పొరపాటు పడేవాళ్లున్నారు.

కోడ్‌లో సెన్సర్ (చక్రం దగ్గర ఉండి దాని వేగం పసిగట్టేది) పేరు వచ్చిందని వెంటనే కొత్తది కొనకండి. ఆ చక్రం నుంచి సిగ్నల్ సరిగ్గా రావడం లేదని మాత్రమే దాని అర్థం. ఎలుక వైరు కొరికినా, వైర్లు కలిసే కప్లర్‌లోకి వాననీళ్లు దిగి పిన్నులు పచ్చబడినా అదే కోడ్ వస్తుంది. ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ నాలుగు చక్రాల వేగాన్నీ స్కానర్‌లో చూడమనండి. ఏది సున్నాకు పడిపోతుంటే అక్కడే వెతకాలి. పాత తరం సెన్సర్ అయితే మల్టీమీటర్‌లో సుమారు ఒకటి రెండు కిలో ఓమ్‌లు చూపించాలి. కొత్త తరం సెన్సర్లకు ఈ పరీక్ష పనికిరాదు.

పొడి రోడ్డు మీద మెల్లగా ఆగుతున్నా పెడల్ గరగరమంటోంది

చాలాసార్లు లైటు కూడా వెలగదు. సెన్సర్ ఎదురుగా తిరిగే పళ్ల రింగు పగలడమో, సెన్సర్ కింద తుప్పు పేరుకోవడమో కారణం. తుప్పయితే గీకి శుభ్రం చేస్తే చాలు, పగిలిన రింగు మార్చాల్సిందే.

చక్రం బేరింగ్ మార్చాక లైటు వచ్చింది

నాకు తగిలింది ఇదే. ఒక మెకానిక్ ఏబీఎస్ యూనిట్, అంటే ఏబీఎస్‌ను నడిపే ప్రధాన భాగం, పోయిందన్నాడు. తీరా చూస్తే బేరింగ్ తిరగేసి బిగించారు. కొన్ని బేరింగుల్లో పళ్ల రింగుకు బదులు ఒకవైపు సీలే అయస్కాంతం, అది సెన్సర్ వైపు ఉండాలి. చూడ్డానికి రెండు సీళ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి బిగించేముందు పేపర్ క్లిప్ ఆనించి చూడాలి, అంటుకునేదే ఆ వైపు. ఒకసారి ప్రెస్ చేసి ఊడదీస్తే బేరింగ్ పాడవుతుంది, మళ్లీ కొత్తది కొనక తప్పలేదు.

రిపేరయ్యాక కోడ్ చెరిపించి కాస్త దూరం నడపండి, కొన్ని బళ్లలో కదిలితేగానీ లైటు ఆరదు. నాలుగు చక్రాల సిగ్నలూ సరిగ్గా వస్తూ, ఫ్యూజు, వైరింగు బాగుండీ లైటు ఆరకపోతే అప్పుడు యూనిట్ మాట ఎత్తండి.