శివరాత్రికి కోనకు పోతున్నారా? రాత్రి నడక మానేయండి

శివరాత్రి దగ్గర పడింది. లంకమల, నిత్యపూజకోన, మల్లెంకొండ, శేషాచలం కోనలు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పాదయాత్ర... కడప, కర్నూలు పల్లెల్లో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఇవే పేర్లు. నీళ్లు తీసుకుపోండి, మంచి చెప్పులు వేసుకోండి, టోపీ మరిచిపోవద్దు అని మీకు చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. నేను ముఖ్యంగా ఒక్క సంగతి చెప్పాలనుకుంటున్నాను. అడవిలో రాత్రి నడవొద్దు.

2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర ఏం జరిగిందో ఈ ప్రాంతం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రి వేళ అడవి దారిలో తలకోనకు నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగుల గుంపు పడింది. ముగ్గురు చనిపోయారు. అంతకుముందు 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయింది. మెట్లు, రేకులు, లైట్లు, జనం ఉన్న దారి అది. అక్కడా చీకటి పడ్డాకే జరిగింది. ఆ తర్వాత పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ మెట్ల మీదికి పంపొద్దని తిరుమలలో ఆంక్ష పెట్టారు. మన కోనల్లో ఆ మెట్లూ లేవు, ఆ లైట్లూ లేవు.

మనవాళ్లు రాత్రే ఎందుకు బయలుదేరతారో నాకు తెలుసు. ఎండ. మాఘం దాటకముందే మన దగ్గర బండలు కాలడం మొదలవుతుంది. ముసలివాళ్లు, పిల్లలు వెంట ఉంటారు. రాత్రి పన్నెండుకో ఒంటిగంటకో నడక మొదలుపెడితే తెల్లారేసరికి కోనలో స్నానం చేసి, తొలి దర్శనం చేసుకుని, ఎండ ముదిరేలోపు నీడ పట్టుకోవచ్చని లెక్క. రోడ్డు మీద ఈ లెక్క సరిపోతుంది. అడవిలో తప్పుతుంది. ఎండకు ఓర్చుకోలేక పగలంతా పొదల్లో, వెదురు గుంపుల్లో పడుకునే జంతువులు కూడా తిరగడానికి ఆ చల్లటి వేళనే ఎంచుకుంటాయి. మీరు దారి సుఖంగా ఉంటుందనుకున్న గంటల్లోనే అవీ అదే దారిలో ఉంటాయి.

ఏనుగుల విషయం ఇంకా స్పష్టం. రైల్వేకోడూరు చుట్టుపక్కల కొండ కింద అంతా అరటి, మామిడి తోటలే. పొద్దు గూకాక ఏనుగులు తోటల్లోకి దిగుతాయి. తెల్లారకముందే కొండకు తిరిగిపోతాయి. ఎక్కేటప్పుడు అవి పట్టేది వంక వెంబడి ఉన్న కాలిదారినే. తెల్లారుజామున మూడింటికో నాలుగింటికో కోనకు ఎక్కే మనిషి, తోట నుంచి కొండకు ఎక్కే ఏనుగు ఒకే దారిలో పడతారు. చేతిలో సెల్‌ఫోన్ లైటు ఉంటే పది పదిహేను అడుగులు కనిపిస్తుందేమో. అంత పెద్ద జంతువు అలికిడి లేకుండా నడుస్తుంది. మీరు చూసేసరికి మీద ఉంటుంది.

"మా నాయన కాలం నుంచి రాత్రే పోతున్నాం, ఎప్పుడూ ఏం కాలేదు" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అప్పట్లో ఇక్కడ ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి చిత్తూరు వైపు వచ్చిన గుంపులే తర్వాత శేషాచలం దాకా పాకాయి. నాయన నడిచిన అడవి వేరు, ఇప్పుడు మనం నడుస్తున్న అడవి వేరు. ఇంట్లో పెద్దలతో గొడవ పడకుండా ఈ మాట నిదానంగా చెప్పండి. వింటారు.

నల్లమలలో ఏనుగులు లేవు కాబట్టి ఫర్వాలేదని ఆత్మకూరు దారి వాళ్లు అనుకోవద్దు. అది పులుల అభయారణ్యం. శ్రీశైలం అడవి రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లనే ఆపేస్తున్నారంటే, కాలినడకన పోయేవాళ్ల సంగతి చెప్పాలా? వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను దారిలో పండుగ రోజుల్లో జనం ఉంటారు, అన్నదానాలు ఉంటాయి. నడక పగలు పెట్టుకోండి. చీకటి పడేసరికి జనం ఆగే తావులో మీరూ ఆగండి. ముందు తావు ఇంకో గంట దూరమే ఉందని ఎవరో అంటే కదలొద్దు.

ఎలుగుబంటి గురించి ఒక మాట. మన కొండల్లో మనుషులను గాయపరిచేది ఎక్కువగా ఇదే. దానికి చూపు తక్కువ. సందెవేళ చెదలు తవ్వుకుంటూ, తునికి పండ్లు ఏరుకుంటూ తల వంచుకుని ఉంటుంది. మలుపు తిరిగి ఒక్కసారిగా ఎదురుపడితే భయపడి మీద పడుతుంది. అందుకే సందెలోనూ తెల్లారుజామునా నడవొద్దు, పగలైనా మాట్లాడుకుంటూ నడవండి.

ఇక టైము. ఉదయం ఆరున్నరకు వెలుతురు బాగా వచ్చాక అడుగు వేయండి. ఎండకు పరిష్కారం రాత్రి నడక కాదు, దూరం తగ్గించుకోవడం. పదకొండుకు నీడలో కూర్చోండి. మూడు దాకా కూర్చోండి. ఆ రోజే తిరిగొచ్చేవాళ్లు సాయంత్రం ఐదున్నరకల్లా రోడ్డు మీద ఉండేలా వెనక్కి లెక్కేసుకోండి. దర్శనం కాకపోయినా సరే, ఆ టైముకు తిరగండి. శివుడు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాడు.

లెక్క తప్పి చీకటి పడిందా? నడక ఆపేయండి. గుడి దగ్గర, దీపాలున్న చోట, జనంలో ఉండిపోండి. గుండం పక్కన, వంక ఒడ్డున పడుకోవద్దు. రాత్రి జంతువులు నీళ్లకు వచ్చేది అక్కడికే. ఎండుటాకుల మీద దుప్పటి పరచొద్దు. కట్లపాము నిద్రలోనే కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లారాక కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. విరుగుడు సూది ఒక్కటే మందు.

మిగతావి గబగబా చెబుతాను.

పిల్లలను గుంపు మధ్యలో నడిపించండి, ముందుకు పరిగెత్తనివ్వొద్దు. ఒంటరిగా వెనకబడొద్దు. మూత్రానికి పక్కకు పోయినా ఇద్దరు పోండి. తేనెతుట్టెలున్న బండ కింద కర్పూరం, సాంబ్రాణి, పొయ్యి ఏదీ వెలిగించొద్దు, పొగకు అవి లేస్తాయి. లేస్తే మొహం కప్పుకుని పరిగెత్తండి, నీళ్లలో మాత్రం దూకొద్దు. తాజా ఏనుగు పేడ గానీ, విరిగిన వెదురు గానీ కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి తిరగండి. వీడియో తీయొద్దు. టార్చి కళ్లలోకి కొట్టొద్దు. టపాసులు పేల్చొద్దు. బీడీ పారేయొద్దు, ఈ రోజుల్లో ఆకు ఎండి ఉంది, కొండ కొండే అంటుకుంటుంది. తాగి గుండంలో దిగొద్దు. తాగకపోయినా లోతు తెలియకుండా దూకొద్దు. అడ్డదారి వద్దు. ఎర్రచందనం అడవిలో దారి తప్పి రాత్రి తిరిగితే సిబ్బంది మిమ్మల్ని భక్తులనుకోరు. అటవీశాఖ దారి మూసేశామంటే వాదించొద్దు. ఎవరెవరు పోతున్నారో, ఏ దారిలో పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఊళ్లో ఒకరికి రాసిచ్చి పోండి. కోనలో సిగ్నల్ ఉండదు, 108 కోసం రోడ్డు దాకా ఇద్దరు రావాలి. ఆ ఇద్దరెవరో ముందే అనుకోండి.

గుంపులో ఎవరైనా "చల్లగా ఉంటుంది, ఒంటిగంటకే పోదాం" అంటే వద్దని గట్టిగా చెప్పండి. వినకపోతే వాళ్లను పోనివ్వండి. మీ పిల్లలను మాత్రం వాళ్లతో పంపొద్దు.