రంపం మెషిన్ బాడీకి అల్యూమినియం ముక్క అతికింది – నా అనుభవం

మాది రాజోలు వైపండి, కొబ్బరి చెట్లు కోసే రంపం మెషిన్ హ్యాండిల్ దగ్గర చెవి విరిగింది, అల్యూమినియం ముక్క పెడితే రెండు వారాలకే కింద తెల్లపొడి కట్టి ఊడొచ్చేది. టిగ్ వెల్డింగ్ (గ్యాసు రక్షణలో చేసే కరెంటు వెల్డింగ్) చల్లారేలోపే అప్పడంలా పగిలింది, ఇన్‌స్టంట్ గమ్ము నిలవలేదు, స్టీలు బోల్టులేస్తే చుట్టూ ఇంకా తినేసింది. చివరికి వెనిగర్ చుక్కేస్తే బాడీ బుసబుసా పొంగింది, అల్యూమినియం పొంగలేదు, అప్పుడర్థమైంది అది మెగ్నీషియం అని. ఈ రెండూ కలిసి కరిగితే మధ్యలో పెళుసు పొర కడుతుంది, అందుకే వెల్డింగ్ ఆగలేదు.

నేను చేసిందేంటంటే, ముందు రెండిటినీ జిడ్డు తీసే ఎసిటోన్‌తో తుడిచా, తర్వాతే 120 నంబరు ఎమెరీ (గరుకు కాగితం)తో రుద్దడం, దేనికి దానికి వేరే కాగితం. మెగ్నీషియం పొడి భగ్గుమంటుంది, నీళ్లు పోస్తే ఇంకా ఘోరం, అందుకని ఆరుబయట పొడి ఇసుక బకెట్ దగ్గరెట్టుకునే రుద్దా. మళ్లీ తెల్ల బట్టకి నలుపు అంటనంతవరకూ తుడిచి, పది నిమిషాల్లోపే రెండు వైపులా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి గమ్ము) పల్చగా రుద్దేసి, మధ్యలో పడవలకేసే ఫైబర్ గుడ్డలో పల్చటి ముక్క పెట్టా, లోహానికి లోహం తగలకూడదు, తగిలితే తేమకి మెగ్నీషియాన్ని తినేసి మళ్లీ తెల్లపొడి కడుతుంది, అసలు కిటుకు ఇదే. క్లాంపు మెల్లగానే, గట్టిగా బిగిస్తే గమ్మంతా బయటికొచ్చేస్తుంది. మా ముసురుకి రెండ్రోజులు వదిలేసి అంచులక్కూడా ఎపాక్సీ పూసేశా.

ఉప్పుగాలిలో ఐదు నెలలైంది, ఊడలేదు. సిలిండర్ దగ్గర వేడికి మాత్రం ఆగుతుందని నేను చెప్పలేను, నాది హ్యాండిల్ వైపు.