మిద్దె ఖాళీ చేయించడానికి నాకు ఎంతైందంటే

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా ఇంటి మిద్దె మీద రెండు బెడ్‌రూముల పోర్షన్ ఉంది. బాడుగ 18 వేలు, అడ్వాన్స్ లక్ష. 2021 జనవరిలో బాడుగ ఆగింది. 2023 జూలైలో తాళంచెవి నా చేతికొచ్చింది. బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన చేయి కాబట్టి ప్రతి రూపాయీ నోట్‌బుక్కులో ఎక్కించాను. కేసు వేయబోతూ "అక్కా, ఎంతవుతుంది?" అని అడిగేవాళ్ళకు ఆ నోట్‌బుక్కే ముందు పెడతాను.

చాలామంది భయపడేది కోర్టు ఫీజుకు. ఇల్లు కోటి రూపాయలది కాబట్టి ఫీజు లక్షల్లో ఉంటుందని మా ఆడపడుచు కూడా హడలగొట్టింది. అలా ఏమీ ఉండదు. ఇంటి విలువతో పని లేదు. అద్దెదారుణ్ణి ఖాళీ చేయించే దావాకు కర్ణాటక కోర్టు ఫీజుల చట్టం కేసు వేసే ముందు ఏడాది బాడుగను లెక్కలోకి తీసుకుంటుంది. నాకు 18 వేలు ఇంటూ 12, అంటే 2,16,000 మీద. 15 వేల లోపే పడింది. బాకీ బాడుగ కూడా ఇప్పించమంటే దానికి విడిగా ఫీజు కట్టాలి. కేసు వేసేనాటికి బాకీ లక్షా 8 వేలు, నా దగ్గరున్న అడ్వాన్స్ లక్ష. "అది ఇందులో సర్దుకోండి అమ్మా, ఇల్లు మాత్రం అడుగుదాం" అన్నాడు లాయరు. ఆ ఒక్క సలహాతో అదనపు ఫీజు తప్పింది.

రెంట్ కంట్రోల్ చట్టం అడ్డుపడుతుందని ఇంకో భయం. 1999 నాటి కర్ణాటక రెంట్ యాక్టు బెంగళూరులో నెలకు 3,500 దాటిన ఇళ్ళకు వర్తించదు. ఇవాళ ఆ బాడుగకు ఇల్లు ఎక్కడుంది? కాబట్టి మనలాంటివాళ్ళ దారి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు, ఆ తర్వాత చిన్న దావాలు చూసే స్మాల్ కాజెస్ కోర్టు.

నోటీసు దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, నేను దెబ్బ తిన్నది అక్కడే. మొదటి నోటీసు డబ్బు మిగులుతుందని తెలిసినవాళ్ళ చేత రాయించాను. బాకీ కట్టమని ఉంది గానీ, అద్దె ఒప్పందం ముగిస్తున్నామన్న మాటే లేదు. లాయరు చేత మళ్ళీ రాయించాల్సి వచ్చింది. బాడుగ కట్టలేదన్న ఒక్క కారణమే పట్టుకుంటే ఇంకో చిక్కు కూడా ఉంది. అతను కోర్టులో వడ్డీ, ఖర్చులతో సహా కట్టేసి ఉండిపోవడానికి అదే చట్టం 114వ సెక్షన్ వీలిస్తుంది. అందుకే నోటీసులో "ఇంతటితో ఒప్పందం రద్దు, పదిహేను రోజుల్లో ఖాళీ చేసి అప్పగించండి" అని తేటగా రాయించండి.

ఇంకో పొరపాటు పూర్తిగా నాదే. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పప్పులో తాలింపు వేస్తుంటే ఫోన్ టింగుమంది. 18 వేలు పడ్డాయి. పోనీలే, దారికొచ్చాడని సంబరపడి "థాంక్స్ బాబూ" అని మెసేజ్ కూడా పెట్టాను. లాయరు తల పట్టుకున్నాడు. నోటీసు ఇచ్చాక బాడుగ కింద డబ్బు తీసుకుంటే, ఒప్పందం మళ్ళీ కొనసాగించినట్టేనని అవతలివాళ్ళు వాదిస్తారట. నా థాంక్సు దానికి సాక్ష్యం! జూన్‌లో మళ్ళీ నోటీసు, కేసు వేసేసరికి ఆగస్టు. ఫోన్లో డబ్బు పడటాన్ని మనం ఆపలేం. పడిన రోజే "మా హక్కులకు భంగం లేకుండా, వాడుకున్నందుకు నష్టపరిహారంగా జమ చేసుకుంటున్నాం" అని రాసి పంపండి.

నోటీసు తీసుకోడని దిగులొద్దు. సరైన చిరునామాకు వెళ్ళిన కవరును అతను వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్క. ఆ కవరు చింపకుండా దాచండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, సంతకం రసీదు అడిగి పెట్టించుకోండి.

లాయరు ఫీజు మొత్తంగా మాట్లాడుకోకండి, వాయిదాకు ఇంతని అసలే వద్దు. వాయిదాకు ఇంతని ఒప్పుకుంటే ప్రతి వాయిదాకూ మన జేబే ఖాళీ. నేను దశలవారీగా మాట్లాడుకున్నాను: రెండు నోటీసులకు 5 వేలు, దావా వేసి వాదన ముగిసేదాకా మూడు విడతల్లో 75 వేలు, తీర్పు అమలు పిటిషన్‌కు 20 వేలు. ఆ ఆఖరిది ముందే మాట్లాడుకోండి. డిక్రీ వచ్చిందంటే ఇల్లు వచ్చిందనుకుని మిఠాయి పంచినవాళ్ళలో నేనూ ఉన్నాను. అతను కదలకపోతే అమలుకు మళ్ళీ పిటిషన్, ఖాళీ చేయించడానికి వచ్చే కోర్టు ఉద్యోగి బెయిలిఫ్, తలుపు తీయకపోతే తాళం పగలగొట్టడానికి విడిగా ఆర్డరు. నాకు ఫిబ్రవరిలో డిక్రీ, జూలైలో ఇల్లు.

టైపింగు, జిరాక్సు, నోటరీ, సమన్ల ఖర్చు కలిపి 9 వేల దాకా అయింది. బైయప్పనహళ్ళి దాకా ఆటో, అక్కణ్ణుంచి కోర్టున్న మేయో హాల్‌కు మెట్రో, ఆ ఒక్కటీ రాయలేదు.

అగ్రిమెంట్ చూసుకోండి. మాది వంద రూపాయల ఈ-స్టాంపు. నా సాక్ష్యం రోజున అవతలి లాయరు దాన్ని ఎత్తి చూపాడు. ఉండాల్సింది 500. తక్కువైన 400, దానికి పదింతల పెనాల్టీ, కలిపి 4,400 కట్టాకే ఆ కాగితం చెల్లింది. అందుకోసం ఒక వాయిదా పోయింది.

ఇవన్నీ కూడితే లక్షా 28 వేల చిల్లర. దాని కింద ఇంకో వరస ఉంది. ముప్పై నెలల బాడుగ 5,40,000, అడ్వాన్స్ తీసేస్తే 4,40,000. కేసు వేశాక ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారం తీర్పులో ఉంది. అది వసూలు చేయాలంటే మళ్ళీ వేరే పిటిషన్, మనిషేమో అడ్రసు లేడు. వదిలేశాను. ఇన్‌కం ట్యాక్స్‌లో లాయరు ఫీజుకు మినహాయింపు లేదు, బాడుగ ఆదాయంలో అందరికీ ఇచ్చే ముప్పై శాతమే. కానీ కేసు వేసిన కాగితాలు ఉంటే రాని బాడుగను ఆదాయంలో చూపకుండా ఉండొచ్చు, ఆడిటర్‌ని అడగండి.

ఇప్పుడు ఆ నోట్‌బుక్కు మొదటి పేజీ. 2021 ఫిబ్రవరిలో అతనే కిందికి దిగి వచ్చి, "అక్కా, ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు టైమివ్వండి, బాడుగ వదిలేయండి, అడ్వాన్స్ తిరిగిస్తే వెళ్ళిపోతాను" అన్నాడు. మా మదనపల్లె వైపువాడే. నా ఇంట్లో ఉండి నాకే షరతులా అని మండిపోయి, నిలబెట్టే పంపేశాను. అప్పటి బాకీతో కలిపి ఆరు నెలలు, లక్షా 8 వేలు పోయేవి. లక్షా 8 వేలకూ 5,68,000కూ తేడా మీరే చూడండి. అలా అడిగేవాళ్ళు దొరికితే ఒప్పుకోండి, కానీ నోటిమాటగా వద్దు. ఖాళీ చేసే తేదీ రాసి సంతకం పెట్టించండి, అడ్వాన్స్ చెక్కు తాళంచెవి ఇచ్చిన రోజే ఇవ్వండి. కేసు వేశాక కూడా లోక్ అదాలత్‌లో రాజీ పడితే అది డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

కోపమొచ్చి కరెంటు తీయడం, సామాను బయట పడేయడం మాత్రం చేయకండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అతనే ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్ళీ లోపలికి రావచ్చు, ఇల్లు ఎవరిదని కూడా అడగరు.

తాళంచెవి తీసుకునే రోజు బెస్కామ్ కరెంటు మీటరు ఫోటో తీసుకోండి. మీటరు మన పేరు మీద ఉంటుంది, బాకీ కూడా మన నెత్తికే. నాకు 9,400 వచ్చింది, లెక్కంతా కూడేశాక.