ఏది ముందు అయిపోతుంది? రామగుండం యూరియాతో ఒక లెక్క

యూరియా తయారీకి కావలసినవి రెండే: అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్. 2 మోల్‌ల అమ్మోనియాకు 1 మోల్ కార్బన్ డయాక్సైడ్ కలిస్తే 1 మోల్ యూరియా, 1 మోల్ నీరు వస్తాయి. మోలార్ ద్రవ్యరాశులు, అంటే 1 మోల్ బరువు గ్రాముల్లో (కిలోమోల్‌కైతే కిలోల్లో), వరుసగా 17, 44, 60, 18.

ముందు నిష్పత్తి. పొలానికి తెచ్చే 45 కిలోల బస్తానే తీసుకోండి. 45ను 60తో భాగిస్తే 0.75 కిలోమోల్. అమ్మోనియా దానికి రెట్టింపు, అంటే 1.5 కిలోమోల్‌లు, 25.5 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ 0.75 కిలోమోల్, 33 కిలోలు. వేసింది మొత్తం 58.5 కిలోలు. వచ్చింది యూరియా 45, నీరు 13.5, అదీ 58.5. ఈ రెండూ కలవకపోతే సమీకరణం తుల్యం చేయడంలోనో, ద్రవ్యరాశుల్లోనో తప్పుంది. అది సరిచేసే దాకా ముందుకు పోవద్దు.

ఇప్పుడు 34 కిలోల అమ్మోనియా, 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయనుకోండి. బరువు చూస్తే అమ్మోనియాయే తక్కువ. మోల్‌లలోకి మార్చండి: 2, 0.909 కిలోమోల్‌లు. ఒక్కోదాన్ని దాని గుణకంతో, అంటే సమీకరణంలో దాని ముందుండే అంకెతో (ఇక్కడ 2, 1) భాగించండి: 1, 0.909. చిన్న అంకె కార్బన్ డయాక్సైడ్‌ది. ముందు అయిపోయేది అదే, దాన్నే లిమిటింగ్ రియేజెంట్, అంటే పరిమిత కారకం అంటారు. వచ్చే యూరియా 54.5 కిలోలు, మిగిలే అమ్మోనియా సుమారు 3.1 కిలోలు.

ఫ్యాక్టరీలో అమ్మోనియాను కావాలనే ఎక్కువ పెడతారు. రియాక్టర్‌లో నిష్పత్తి 2 కాదు, దాదాపు 3. అప్పుడే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ భాగం యూరియాగా మారుతుంది. మిగిలిన అమ్మోనియాను పట్టి మళ్లీ రియాక్టర్‌కే పంపుతారు కాబట్టి నికరంగా ఖర్చయ్యేది మాత్రం 2కు 1 లెక్కనే. రామగుండం ప్లాంటు సామర్థ్యం రోజుకు అమ్మోనియా 2200 టన్నులు, యూరియా 3850 టన్నులు. 3850ని 34తో (2 మోల్‌ల అమ్మోనియా బరువు) గుణించి 60తో భాగించి చూడండి, 2182 వస్తుంది. బస్తాకు చేసిన లెక్కే ప్లాంటుకూ సరిపోయింది.

హన్మకొండలో ఈఏపీసెట్‌కు చదివేవాళ్లు ఎక్కువగా మార్కు పోగొట్టుకునేది గుణకంతో భాగించడం మరిచిపోయే చోట. ఉదాహరణకు, 5 గ్రాముల పాలరాయి (కాల్షియం కార్బనేట్) ముక్కల మీద 2 మోలార్, అంటే లీటరుకు 2 మోల్‌లున్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 40 మిల్లీలీటర్లు పోశారు. రాయి మోలార్ ద్రవ్యరాశి 100, కాబట్టి 0.05 మోల్. ఆమ్లం 0.040 లీటర్లు ఇంటూ 2, అంటే 0.08 మోల్. (మిల్లీలీటర్లను లీటర్లు చేయకపోతే ఏకంగా 80 మోల్‌లు వస్తాయి.) 0.05 చిన్నదని రాయిని ఎంచుకుంటే తప్పు. ఒక మోల్ రాయికి ఆమ్లం 2 మోల్‌లు కావాలి కనుక 0.08ని 2తో భాగిస్తే 0.04. ముందు అయిపోయేది ఆమ్లమే. ఫ్లాస్కులో బుడగలు ఆగిపోతాయి, అడుగున 1 గ్రాము రాయి అలాగే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 1.76 గ్రాములు.

రాయి శుద్ధత 90 శాతమే అని ప్రశ్నలో ఇస్తే కంగారు పడొద్దు. 4.5 గ్రాములు, 0.045 మోల్, ఆమ్లమే ఇంకా తక్కువ, జవాబు మారదు. 80 శాతం దగ్గర రెండూ సరిగ్గా ఒకేసారి అయిపోతాయి. అంతకంటే తగ్గితే రాయే పరిమిత కారకం, అప్పుడు లెక్క రాయి వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.