పచ్చిక తెగుళ్లను అడ్డుకునే కంపోస్టు - పాఠం 3: కుప్ప చల్లారాక

కిందటి పాఠంలో వేసిన కుప్ప ఈపాటికి ఒక్కసారైనా బాగా వేడెక్కి ఉంటుంది. ప్రతి భాగమూ 55 డిగ్రీల పైన కనీసం మూడు రోజులు ఉండేలా తిరగేయమన్నాను కదా. ఆ వేడికి తెగులు కలిగించే శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. కానీ వాటితో పాటు మనకు మేలు చేసేవీ పోతాయి. అందుకే వేడి తగ్గగానే ఎత్తి లాన్ మీద చల్లేయకండి. తెగుళ్లను ఆపే శక్తి దానికింకా రాలేదు.

వేడి 40 డిగ్రీల కిందికి దిగాక, అంచు పొరల్లో బతికిన మేలు చేసే సూక్ష్మజీవులు, అంటే ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం, బాసిల్లస్, సూడోమోనాస్ అనే బాక్టీరియాలు మళ్లీ లోపలికి చేరతాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త హ్యారీ హోయిటింక్ బెరడు కంపోస్టుల మీద ఏళ్ల తరబడి పనిచేసి తేల్చిన తేడా ఒకటి ఇక్కడ బాగా పట్టించుకోవాలి. వేరుకుళ్లు తెచ్చే పిథియంను బాగా మాగిన కంపోస్టు ఏదైనా చాలావరకు అణచగలదు. రకరకాల సూక్ష్మజీవులు దాని తిండిని ముందే లాగేసుకుంటాయి. పచ్చికలో గోధుమరంగు మచ్చలు తెచ్చే రైజోక్టోనియా అంత తేలిగ్గా లొంగదు. దాన్ని పట్టి తినే ట్రైకోడెర్మా లాంటివి ఉండి తీరాలి. అవి ప్రతి కుప్పలోకీ వాటంతటవే వస్తాయన్న నమ్మకం లేదు. పైగా సగం కుళ్లిన కుప్పలో సెల్యులోజ్ (మొక్కల్లోని పీచు పదార్థం) దండిగా ఉంటే, ట్రైకోడెర్మా దాన్నే తింటూ రైజోక్టోనియా జోలికి పోదు.

అందుకని మనమే కలుపుదాం. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి నీడన మగ్గబెట్టడం మన రైతులకు తెలిసిన పద్ధతే. పశువుల ఎరువుకు బదులు చల్లారిన మన కంపోస్టు వాడండి. గోనెసంచులు కప్పి వారం పది రోజులు తడి ఆరకుండా చూడండి. గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. ఎండిపోయిన కంపోస్టులో బాక్టీరియా పెరగదు, పిథియం మీద పట్టు పోతుంది.

మాగిందో లేదో చూడ్డానికి గుప్పెడు తడి కంపోస్టు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి మూడు రోజులుంచండి. విప్పగానే ఘాటు వాసనో పులిసిన వాసనో వస్తే ఇంకా పచ్చిదే. ఇంకో రెండు వారాలు ఆగి మళ్లీ చూడండి. తొలకరి మట్టి వాసన వచ్చినవాళ్లు జల్లెడ పట్టి సిద్ధంగా ఉంచుకోండి. లాన్ మీద ఎంత మందాన, ఏ నెలల్లో చల్లాలో నాలుగో పాఠంలో.